నిలబడే చోటు

వీడియోలు తీయడం మొదలుపెట్టినవాళ్లు ముందుగా అడిగేది కెమెరా గురించి. ఏది కొనాలి, ఎంతలో వస్తుంది, ఫోర్‌కే ఉందా లేదా అని. ఈ అధ్యాయంలో ఆ చర్చ పెట్టను. నాలుగైదేళ్ల కిందటి మామూలు ఫోనుతో తీసిన వీడియోని చివరిదాకా చూడబుద్ధి కావచ్చు. లక్షల కెమెరాతో తీసినదాన్ని రెండో నిమిషానికే కట్టేయాలనిపించవచ్చు. ఈ తేడా ఎక్కువగా మనిషిని ఎక్కడ నిలబెట్టాం, మైకు ఎక్కడ పెట్టాం అన్నదాంట్లోనే ఉంటుంది. వెలుగూ శబ్దమూ ఎలా ప్రయాణిస్తాయో తెలిస్తే ఆ చోటును ముందే ఎంచుకోవచ్చు. ఖర్చు లేని పని, కానీ ఫలితం చాలా పెద్దది.

అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరంలో ఒక బడి గదిలోంచి మొదలుపెడదాం. గురజాడ అప్పారావు 1862 సెప్టెంబరు 21న పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన పుట్టినరోజుకి పిల్లలచేత ‘కన్యాశుల్కం’లో ఒక రంగం ఆడించి, వీడియో తీసి పెడదామని ఒక మేస్టారు అనుకున్నారనుకోండి. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ఆ నాటకం 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకం అన్నంతగా తిరగరాశారు. మనుషులు నిజంగా మాట్లాడే మాటే దానికి ప్రాణం. గిరీశం ఇంగ్లీషు కలిపి దంచే తీరు వేరు, అగ్నిహోత్రావధాన్లు కోపం పలికే తీరు వేరు, మధురవాణి మాట నడక వేరు. ఆ తేడాలు చెవికి అందకపోతే వీడియోలో వేషాలు మాత్రమే మిగులుతాయి.

మేస్టారు పిల్లలందరూ పడాలని ఫోనును గది చివర బెంచీ మీద నిలబెడతారు. ఎవరైనా చేసే పనే అది. ఇంటికి వెళ్లి చూసుకుంటే బొమ్మ బాగానే ఉంటుంది కానీ, మాటలు మాత్రం బావిలోంచి వస్తున్నట్టు ఉంటాయి. గదిలో కూర్చుని విన్నప్పుడు అన్నీ స్పష్టంగా వినిపించాయి కదా, ఫోనుకి ఏమైంది?

ఫోనుకి ఏమీ కాలేదు, అది ఉన్నదంతా విన్నది. వినకుండా వదిలేసింది మనమే. మనకు రెండు చెవులున్నాయి. ఏ మాట ఎటునుంచి వస్తోందో పోల్చుకుని, గోడల నుంచి తిరిగొచ్చిన శబ్దాన్ని మెదడు చాలావరకు పక్కకు నెట్టేస్తుంది. ఆ రికార్డింగే ఒక చిన్న స్పీకరులోంచి వచ్చినప్పుడు, అసలు మాటా గోడల మోతా ఒకే దిక్కునుంచి కలిసి వస్తాయి. వాటిని విడదీయడానికి మెదడుకి ఆధారం ఉండదు.

ఈ మోతను భౌతికశాస్త్రంలో ప్రతినాదం అంటారు. దీన్ని తొలిసారి కొలిచి లెక్కగట్టింది హార్వర్డు విశ్వవిద్యాలయంలో వాలెస్ సెబైన్ అనే యువ అధ్యాపకుడు. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో ఎవరి మాటా అర్థం కాకపోతే, కారణం కనిపెట్టమని ఆయనకు అప్పగించారు. సెబైన్ రాత్రిళ్లు, ఊరు మాటుమణిగాక, పక్కనున్న శాండర్స్ థియేటర్ సీట్ల మెత్తలు మోయించి తెచ్చి శాలలో పరిపించేవాడు. ఒక ఆర్గన్ గొట్టం మోగించి, ఆపిన తర్వాత శబ్దం వినబడకుండా పోవడానికి ఎంతసేపు పడుతోందో గడియారంతో కొలిచేవాడు. ఖాళీ శాలలో అది అయిదున్నర సెకన్ల పైమాటే. మెత్తలు పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చింది. గది ఘనపరిమాణాన్ని, అందులో శబ్దాన్ని పీల్చుకునే ఉపరితలంతో భాగించి 0.161తో గుణిస్తే ప్రతినాద కాలం సెకన్లలో వస్తుందని ఆయన తేల్చాడు. పీల్చుకోవడానికి ఆయన ఎంచుకున్న కొలమానం తెరిచిన కిటికీ. అందులోంచి బయటికి వెళ్లిన శబ్దం మరి తిరిగి రాదు.

మన బడి గదికి ఈ సూత్రం వేసి చూద్దాం. పొడవు 8 మీటర్లు, వెడల్పు 6, ఎత్తు 3.5. సిమెంటు గోడలు, గచ్చు నేల, కాంక్రీటు శ్లాబు. ఇవి తమ మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులే పీల్చుకుంటాయి, మిగతాదంతా తిప్పికొడతాయి. తలుపులూ కిటికీలూ మూసి ఖాళీగా ఉంచితే ప్రతినాదం నాలుగున్నర సెకన్లు దాటుతుంది. నాలుగు కిటికీలూ తలుపూ తెరిస్తే రెండు సెకన్లకు దిగుతుంది. నలభైమంది పిల్లల్ని కదలకుండా కూర్చోబెడితే సెకను లోపలికి వస్తుంది. మనిషి ఒంటిమీది బట్టలు శబ్దాన్ని బాగా పీల్చుకుంటాయి. అందుకే గది ఖాళీ చేయించి రికార్డు చేయడం కంటే, ప్రేక్షకులు నిండిన గదిలో చేయడం మేలు. పిల్లలు లేనప్పుడు ఇంట్లోంచి తెచ్చిన నాలుగైదు బొంతలు కెమెరాకి కనబడని గోడలకు వేలాడదీస్తే చాలా తేడా వస్తుంది. కోడిగుడ్ల అట్టలు అంటించే అలవాటు ఒకటుంది. అవి తేలిక కాబట్టి పెద్దగా చేసేదేమీ లేదు. బరువూ మందమూ ఉన్న బట్టే పని చేస్తుంది.

తెలుగు మాటకు ఈ మోత మరీ హానికరం అని నా అభిప్రాయం. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అచ్చుల్లో శక్తి ఎక్కువ, అదీ కింది స్థాయి పౌనఃపున్యాల్లో ఉంటుంది. అర్థాన్ని విడదీసే హల్లులు బలహీనమైనవి, పొట్టివి. సకార చకారాల శక్తి 3,000 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది. సెకనుకు అయిదారు అక్షరాలు పలికే గిరీశం మాటల్లో, ముందు అచ్చు గోడల మధ్య ఇంకా మోగుతుండగానే తర్వాతి హల్లు వచ్చి దానికింద మునిగిపోతుంది. సాగదీసి పలికితే తెలుస్తుంది, వేగంగా పలికితే పోతుంది. నాటకానికి కావలసింది ఆ వేగమే.

గదిని మార్చడం కుదరనప్పుడు దూరాన్ని మార్చాలి. నోట్లోంచి వచ్చిన శబ్దం విస్తరించే కొద్దీ పలచబడుతుంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతు అవుతుంది. గోడల మోత అలా కాదు, గది అంతటా ఇంచుమించు ఒకేలా పరుచుకుని ఉంటుంది. కాబట్టి ప్రతి గదిలోనూ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు లోపల మాట గెలుస్తుంది, బయట మోత గెలుస్తుంది. రెండు సెకన్లు మోగే మన గదిలో ఆ హద్దు మనిషి నోటికి సుమారు అర మీటరు. చివరి బెంచీ మీద, 3 మీటర్ల దూరంలో ఉన్న ఫోనుకు నేరుగా అందిన మాట, మోతలో ముప్పయ్యో వంతు మాత్రమే. అదే మైకును నోటికి జానెడు దూరంలో పెడితే, మాటే మోత కంటే అయిదారు రెట్లు ఎక్కువ అవుతుంది. గది మారలేదు, పిల్లలు మారలేదు, కెమెరా మారలేదు. అందుకే చొక్కాకి తగిలించే చవకరకం కాలర్ మైకు చాలాసార్లు ఖరీదైన కెమెరా మీద ఉన్న మంచి మైకును ఓడిస్తుంది.

కాలర్ మైకు కూడా లేకపోతే ఇంకో ఫోను తీసుకుని, రికార్డరు నడిపి, మాట్లాడేవారి జేబులోనో, బల్ల మీద పూలకుండీ వెనకో పెట్టవచ్చు. రెండింటినీ తర్వాత జోడించడానికి మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే సరి. సినిమా వాళ్ల క్లాప్ బోర్డు చేసే పని ఇదే. జోడించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవాళ్లు పట్టేస్తారు. వెనకబడితే 125 మిల్లీసెకన్ల దాకా పట్టించుకోరు. పుట్టినప్పటి నుంచీ మెరుపు చూశాకే ఉరుము విన్నాం. దూరాన చాకిరేవులో బట్ట బండను తాకడం చూశాకే చప్పుడు విన్నాం. ఆలస్యం మనకు సహజం, ముందు రావడం ఎప్పుడూ జరగనిది. కచ్చితంగా కుదరకపోతే శబ్దాన్ని ఒక ఫ్రేము వెనక్కి జరపడమే క్షేమం.

శబ్దం గురించి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. 2018లో ఎరిన్ న్యూమన్, నార్బర్ట్ ష్వార్జ్ అనే పరిశోధకులు శాస్త్రవేత్తల ప్రసంగాలను, ఇంటర్వ్యూలను తీసుకుని, ఒక గుంపుకు మంచి ఆడియోతో, ఇంకో గుంపుకు పాడుచేసిన ఆడియోతో వినిపించారు. మాటలు అవే, అర్థమవుతూనే ఉన్నాయి. అయినా ఆడియో బాగోలేని చోట విన్నవాళ్లు ఆ శాస్త్రవేత్తకు తెలివి తక్కువనీ, ఆ పరిశోధనకు ప్రాముఖ్యం తక్కువనీ తేల్చారు. వినడానికి పడిన శ్రమ చెప్పినవారి మీద అపనమ్మకంగా మారిపోయింది. పల్లెలో ఒక రైతు తన అనుభవం చెబుతుంటే, మోగే గదిలో తీసి ఆయన మాట విలువ తగ్గించడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఎస్. రాయవరానికి దగ్గర్లోనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క పట్టించి బొమ్మలు చేసే ఊరు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొక్కల నుంచి తీసే సహజ రంగులను అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలు అమ్ముకోవడానికి ఇప్పుడు వీడియోయే అంగడి. అయితే లక్కబొమ్మను వీడియో తీయడం కష్టమైన పని.

మొదటి చిక్కు, వెలుగు చాలకపోవడం. సెన్సరు మీద ఒక్కో చుక్కలో పడే వెలుగు కణాలను వాకిట్లో పరిచిన గిన్నెల్లో పడే వానచినుకులుగా ఊహించుకోండి. నాలుగు చినుకులు రాలితే ఒక గిన్నెలో ఎక్కువ, పక్కదాంట్లో తక్కువ పడతాయి. కుండపోతగా కురిస్తే అన్నీ సమానంగా నిండుతాయి. ఒక చుక్కకు సగటున 100 కణాలు అందితే హెచ్చుతగ్గు 10 ఉంటుంది, అంటే నూటికి పది. 10,000 అందితే హెచ్చుతగ్గు 100, నూటికి ఒకటే. చీకటి గదిలో తీసిన వీడియోలో కదిలే ఇసుకలాంటి రవ్వలు అవే. కెమెరా నాణ్యత కంటే వెలుగు లెక్కే ఇక్కడ ముఖ్యం. ట్యూబులైటు గదిలో వెలుగు 150 లక్స్ ఉంటే, పగలు అరుగు మీద నీడలో 10,000 లక్స్ ఉంటుంది. బొమ్మను నాలుగడుగులు బయటికి తెస్తే అరవై రెట్లకు పైగా వెలుగు వస్తుంది. పైగా అరుగుకి ఒక వైపు గోడే ఉండదు కాబట్టి మోత కూడా బాగా తగ్గుతుంది. మన పాత ఇళ్ల అరుగును, ఇంటి ముందు పందిరిని మించిన స్టూడియో నాకు తెలియదు.

రెండోది మెరుపు. లక్క అద్దంలాంటిది, పడిన కోణంలోనే వెలుగును తిప్పికొడుతుంది. చిన్న బల్బు కింద పెడితే బొమ్మ మీద కళ్లు చెదిరే తెల్లచుక్క వస్తుంది. అక్కడ రంగు పూర్తిగా పోతుంది, ఎడిటింగులో ఏం చేసినా తిరిగి రాదు. వెలుగు ఎంత పెద్ద ప్రదేశం నుంచి వస్తే మెరుపు అంత మెత్తగా పరుచుకుంటుంది. ఎండకూ బొమ్మకూ మధ్య ఒక తెల్ల పంచె కట్టండి. అప్పుడు బొమ్మకు సూర్యుడు కనబడడు, వెలిగే పంచె కనబడుతుంది. బొమ్మ ఒంపు తెలిపే పొడవాటి నునుపు మెరుపు వస్తుంది. ఇంకా తగ్గించాలంటే పోలరైజ్డ్ చలువ అద్దాన్ని లెన్సు ముందు పట్టి తిప్పితే, సుమారు 56 డిగ్రీల కోణంలో తిరిగొచ్చే మెరుపు దాదాపు మాయమవుతుంది. కానీ మొత్తం తీసేయొద్దు. మెరుపు లేకపోతే అది లక్కబొమ్మలా ఉండదు, ప్లాస్టిక్ ముక్కలా ఉంటుంది.

రంగు సంగతి మరింత సున్నితం. తెల్లని వస్తువు ఏదో కెమెరాకి తెలియదు, ఊహిస్తుంది. ఫ్రేములో రంగులన్నీ కలిపితే బూడిదరంగు కావాలన్నది దాని ఊహల్లో ఒకటి. ఫ్రేము నిండా ఎర్రబొమ్మలు పెడితే, ఎరుపు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. పసుపుతో వేసిన పసుపురంగు పాలిపోతుంది. ముందు ఒక తెల్లకాగితం అదే వెలుగులో చూపించి వైట్ బ్యాలెన్సును అక్కడే బిగించి, తర్వాత బొమ్మలు పెట్టాలి. కిటికీ వెలుగు, పసుపుపచ్చ బల్బు రెండూ ఒకేసారి పడకూడదు. పగటి వెలుగు 5,500 కెల్విన్ దగ్గర ఉంటే ఫిలమెంటు బల్బు 2,700 దగ్గర ఉంటుంది. రెంటికీ కలిపి సరిపోయే తెలుపు ఏదీ లేదు. చవక ఎల్‌ఈడీ దీపాల్లో ఇంకో లోపం ఉంది. నీలి చిప్పు మీద పసుపు పూత పూసి తెల్లవెలుగు తెప్పిస్తారు కాబట్టి, ముదురు ఎరుపు తక్కువగా ఉంటుంది. వెలుగులో లేని ఎరుపును బొమ్మ తిప్పికొట్టలేదు. దీపం డబ్బా మీద సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 90కి పైన ఉందో లేదో చూసి కొనండి.

లేత్ తిరుగుతుండగా తీయాలనుకుంటే మన కరెంటు 50 హెర్ట్జ్‌దని గుర్తుంచుకోవాలి. దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఫోను 30 ఫ్రేములతో తీస్తే ఆ మినుకులు ఒక్కో ఫ్రేములో ఒక్కోలా పడి, తెర మీద నల్లటి పట్టీలు పాకుతాయి. 25 ఫ్రేములు, షట్టరు 50లో ఒక వంతు పెడితే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు మినుకులు పడి పట్టీలు పోతాయి. నిమిషానికి 1,500 సార్లు తిరిగే లేత్ అంటే సెకనుకు 25 చుట్లు. అదీ 25 ఫ్రేములతో సరిపోయి, కర్ర మీది గుర్తు ఆగిపోయినట్టు కనబడుతుంది. అప్పుడు లేత్ వేగాన్ని కాస్త మార్చమని అడగాలి తప్ప షట్టరును పెంచకూడదు. ఆ షట్టరులో వచ్చే మసకే కదలికకు నునుపు ఇస్తుంది.

ఎస్. రాయవరం మండలంలోనే ఉన్న రేవుపోలవరం తీరం చూడగానే అక్కడ వీడియో తీయాలని ఎవరికైనా అనిపిస్తుంది. తూర్పు తీరం కాబట్టి పొద్దున్న సూర్యుడు సముద్రం వైపు ఉంటాడు. సముద్రాన్ని వెనక పెట్టుకుని నిలబడితే ముఖం నల్లబడుతుంది. సాయంత్రం సూర్యుడు భూమి వైపుకి వస్తాడు, ముఖమూ అలలూ రెండూ వెలుగుతాయి. అయితే సాయంత్రానికి నేల వేడెక్కి సముద్రపు గాలి బాగా తోలుతుంది. గాలి మైకు నోటి దగ్గర సుడులు తిరిగి చేసే గరగర అసలు బయట లేని శబ్దం, మైకు దగ్గరే పుడుతుంది. దాన్ని తర్వాత తీసేయడం దాదాపు అసాధ్యం. బొచ్చు తొడుగు వేస్తే గాలి వేగం మైకుకు చేరకముందే తగ్గుతుంది. నన్నడిగితే మాటలన్నీ పొద్దు పొడిచాక, గాలి తిరగకముందు, ముఖం సూర్యుడి వైపు పెట్టి, సరుగుడు తోట దూరంగా వెనక ఉండేలా తీసుకోవాలి. అలలను సాయంత్రం విడిగా తీసుకోవాలి.

సముద్రాన్ని వెనక పెట్టొద్దనడానికి ఇంకో బలమైన కారణం ఉంది, అది ఫోను లోపల ఉంది. 1920 అడ్డచుక్కలు, 1080 నిలువు చుక్కలు ఉన్న ఒక్క ఫ్రేము 6.2 మెగాబైట్లు. సెకనుకు 25 ఫ్రేములు చొప్పున ఒక్క నిమిషం వీడియో 9 గిగాబైట్లు దాటుతుంది. ఫోను దాన్ని వంద మెగాబైట్లకు అటూ ఇటూగా కుదిస్తుంది. ఈ కుదింపుకు మూలమైన గణితం 1974 జనవరిలో వెలువడింది. కాన్సాస్‌లో పనిచేస్తున్న బెంగళూరు ఇంజనీరు నాసిర్ అహ్మద్, ఆయన విద్యార్థి టి. నటరాజన్, టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ ఆచార్యుడు కామిశెట్టి రామమోహనరావు కలిసి రాసిన పరిశోధన పత్రం అది. 1972లో అహ్మద్ దానికి నిధులు అడిగితే అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ ఇవ్వలేదు. ఈ రోజు జేపెగ్ ఫొటో నుంచి యూట్యూబు దాకా అన్నింటి అడుగునా ఆ పత్రంలోని డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ గానీ దాని సంతతి గానీ ఉంటుంది. ఆ ముగ్గురి పేర్లు మన బడి పిల్లలకు తెలియాలి.

ఆ పద్ధతిలో బొమ్మను 8×8 చుక్కల గళ్లుగా కోస్తారు. ఒక్కో గడిలో 64 వెలుగు విలువలకు బదులు, ఎంత నిదానంగా, ఎంత గబగబా వెలుగు మారుతోందో చెప్పే 64 సంఖ్యలు రాస్తారు. సున్నం గోడలో మొదటి ఒకటి రెండే లెక్కలోకి వస్తాయి, మిగతావన్నీ సున్నా దగ్గరే ఉంటాయి. వాటిని పారేసినా కంటికి తెలియదు. పైగా ముందు ఫ్రేముతో పోలిస్తే మారిన భాగాన్నే ఫోను రాసుకుంటుంది కాబట్టి, స్టాండు మీద కదలని కెమెరా ముందు కదలని గోడకు రాయడానికి ఏమీ ఉండదు. మిగిలిన చోటంతా ముఖానికి దక్కుతుంది. తళతళలాడే అలలు, గాలికి ఊగే కొబ్బరాకులు, చీకట్లో పుట్టే రవ్వలు, చేతిలో వణికే ఫోను అన్నీ ప్రతి ఫ్రేములో కొత్తవే. ఉన్న చోటునంతా అవి తినేస్తాయి, మాట్లాడే మనిషి ముఖం గళ్లుగళ్లుగా మిగులుతుంది.

మంచి చోటు చేసే మేలుకు ఒక ఉదాహరణ చూడండి. గుంటూరు జిల్లా గుడివాడ పొలాల్లో వందేళ్లు దాటిన కర్రె మస్తానమ్మ వండిన వంటల్ని 2016 నుంచి ప్రపంచమంతా చూసింది. ఆ చానల్ పేరు కంట్రీ ఫుడ్స్. ఆమె 2018లో పోయారు. ఆరుబయట, పగటి వెలుగులో, చుట్టూ గోడల్లేని చోట తీసిన వీడియోలవి. ఆమెను ప్రపంచం చూసింది ఆమె కోసమే. అయితే ఆ చోటు ఆమె చేతినీ మాటనీ మధ్యలో ఏదీ అడ్డం రాకుండా మనదాకా చేర్చింది.

తీసిన తర్వాత పాడుచేసుకునే దారి ఒకటి మిగిలింది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో మళ్లీ కుదించుకుపోతుంది. అందుకున్నవారు ఎడిట్ చేసి సేవ్ చేస్తే ఇంకోసారి, యూట్యూబులో ఎక్కిస్తే మరోసారి. ముందు కుదింపులో మిగిలిన గళ్ల అంచులను తర్వాతి కుదింపు నిజమైన గీతలనుకుని, వాటికి కూడా చోటు ఖర్చు పెడుతుంది. ఎడిటరుకి డాక్యుమెంటుగా పంపండి, లేదా కేబుల్ పెట్టి నేరుగా ఎక్కించండి. బడిలో పిల్లలు ఆడిన ఆ నాటకం అసలు ఫైలును పెన్‌డ్రైవులో వేసి బడి బీరువాలో ఒకటి, ఇంకెవరింట్లోనైనా ఒకటి ఉంచండి.